ఈగలపెంట మలుపుల్లో 500 హార్స్‌పవర్ ఏం చేసుకోవాలి?

జడ్చర్లలోనో మిర్యాలగూడలోనో నలుగురు కుర్రాళ్లు కొత్త కారు చుట్టూ చేరితే మైలేజ్ తర్వాత వచ్చే ప్రశ్న "పవర్ ఎంత?" అనే. బరువెంత అని అడిగేవాళ్లు అరుదు. షోరూమ్‌లో అడిగినా చాలాసార్లు జవాబు దొరకదు, కొన్ని కంపెనీలు బ్రోషర్‌లో ఆ అంకె వేయనే వేయవు. కానీ కారు నడపడంలో ఉండే మజా సంగతి మాట్లాడుకునేటప్పుడు, అందులోనూ మన ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల రోడ్ల మీద, ముందు చూడాల్సింది ఆ బరువే. హార్స్‌పవర్ దాని తర్వాత.

ఒక లెక్క చూద్దాం. టయోటా ఫార్చ్యూనర్ 2.8 లీటర్ల డీజిల్ ఇంజిన్ 204 హార్స్‌పవర్ ఇస్తుంది. ఊళ్లో ఎవరి ఇంటి ముందైనా ఆ బండి ఆగితే ఆ ఇంటి లెవెల్ మారిపోయినట్టే చూస్తారు. దాని బరువు 2,100 కిలోల పైమాటే, అంటే టన్నుకు 97 హార్స్‌పవర్ లోపే పడుతుంది. 2021 మారుతి స్విఫ్ట్ పెట్రోల్ కారు 90 హార్స్‌పవర్, బరువు 900 కిలోలకు అటూ ఇటూ. టన్నుకు 100. ఇంజిన్ పవర్‌లో సగం కూడా లేని కారు, ధరలో నాలుగో వంతు కూడా లేని కారు, తన బరువును తాను లాక్కుపోయే విషయంలో ఫార్చ్యూనర్‌తో సమానంగా నిలబడుతుంది. డీజిల్ ఇంజిన్ టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, చాలా ఎక్కువ కాబట్టి కింది నుంచి తోసే ఊపు వేరుగా ఉంటుంది, అది కాదనలేం. ఏడుగురిని ఎక్కించుకుని పొలం బాటల్లో తిరగడానికి ఆ బండి బాగానే పనికొస్తుంది, ఆ పని స్విఫ్ట్ చేయలేదు. ఇక్కడ మాట్లాడుతున్నది మాత్రం నడిపే ఆనందం గురించే.

టన్నుకు ఎంత పవర్ అనే ఈ లెక్క కూడా సగం సంగతే చెబుతుంది, ఎందుకంటే అది తిన్నని రోడ్డు మీద పికప్ గురించి మాత్రమే. బరువు ప్రభావం అసలు తెలిసేది బ్రేక్ వేసినప్పుడు, స్టీరింగ్ తిప్పినప్పుడు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో 900 కిలోల కారులో ఉండే గతిశక్తి సుమారు 350 కిలోజౌళ్లు. అదే వేగంలో 2,100 కిలోల బండిలో 810. ఎన్‌హెచ్ 44 మీద భూత్పూర్ దాటాక ఒక్కసారిగా బర్రెల మంద అడ్డమొస్తే ఆ శక్తి మొత్తం బ్రేక్ డిస్కుల్లో వేడిగా మారాల్సిందే, వేరే దారి లేదు. ఘాట్ దిగేటప్పుడూ ఇదే. ఈగలపెంట నుంచి శ్రీశైలం డ్యామ్ వైపు దిగుతుంటే ముందు పోయే బండ్ల బ్రేకులు కాలిన వాసన చాలామందికి పరిచయమే. రెండింతలకు పైగా బరువున్న బండి అదే ఘాట్ దిగితే అదుపు చేయాల్సిన శక్తి కూడా అంతే పెరుగుతుంది, కాబట్టి పెద్ద డిస్కులు కావాలి, పెద్ద డిస్కులకు పెద్ద చక్రాలు కావాలి, పెద్ద చక్రాలు మళ్లీ బరువే. బరువు ఒక్కచోట పెరిగి ఊరుకోదు, ఇంకో నాలుగు చోట్ల బరువు అడుగుతుంది. తగ్గడం మొదలుపెట్టినా అంతే: ఇంజిన్ చిన్నదైతే దాన్ని మోసే ఛాసిస్ (కారు అడుగు చట్రం) తేలిక చేయొచ్చు, ఛాసిస్ తేలికైతే బ్రేకులు చిన్నవి సరిపోతాయి, స్ప్రింగులు మెత్తగా పెట్టొచ్చు. స్ప్రింగులు మెత్తగా ఉన్న కారు గుంతల రోడ్డు మీద ఎగిరిపడకుండా పోతుంది. మన రోడ్లకు ఇది ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు.

ఇక మలుపులు. ఇక్కడ ఇంటర్‌లో ఫిజిక్స్ శ్రద్ధగా చదివినవాళ్లకు ఒక డౌట్ రావాలి. మలుపులో కారును బయటికి నెట్టే బలం బరువుతో పాటు పెరుగుతుంది, టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ కూడా బరువుతో పాటే పెరుగుతుంది, రెండువైపులా బరువు కొట్టివేతకు పోతుంది కదా, అలాంటప్పుడు తేలికైతే ఏంటి, బరువైతే ఏంటి? పుస్తకం లెక్క ప్రకారం అది నిజమే. కానీ పుస్తకంలో ఘర్షణ గుణకం మారదు, రబ్బరు టైరు విషయంలో మారుతుంది. టైరు మీద భారం రెట్టింపు చేస్తే పట్టు పెరుగుతుంది గానీ రెట్టింపు మాత్రం కాదు, కొంత తక్కువే పెరుగుతుంది. అంటే ప్రతి అదనపు కిలో తనకు కావాల్సిన పట్టును పూర్తిగా తెచ్చుకోలేదు. మలుపులో ఇంకో సంగతి కూడా జరుగుతుంది: కారు పక్కకు ఒరిగి లోపలి టైర్ల మీది భారం బయటి టైర్ల మీదికి మారుతుంది. లోపలి టైరు కోల్పోయినంత పట్టు బయటి టైరుకు తిరిగి రాదు, పైన చెప్పిన కారణం వల్లే. బండి ఎంత బరువుగా, ఎంత ఎత్తుగా ఉంటే ఈ నష్టం అంత ఎక్కువ. తేలికగా, నేలకు దగ్గరగా ఉన్న కారు సన్నని, చవకైన టైర్లతోనే మలుపు శుభ్రంగా తిరగడం వెనకున్న అసలు కారణం ఇది. టైరు వెడల్పు పెంచి బరువు తెచ్చే ఇబ్బందిని కొంతవరకు కప్పిపెట్టొచ్చు, కంపెనీలు చేస్తున్నది అదే, కానీ అంత వెడల్పు టైర్లు నాలుగూ మార్చాల్సిన రోజు వచ్చినప్పుడు ఆ బిల్లు కట్టేది మనమే.

ఇంకో చిన్న విషయం, చాలామంది పట్టించుకోనిది: బరువు ఎంత ఉందన్నదే కాకుండా ఎక్కడ ఉందన్నది కూడా లెక్కే. ముందు బంపర్ దగ్గర, వెనక డిక్కీ చివర ఉన్న 50 కిలోలు, రెండు సీట్ల మధ్య ఉన్న 50 కిలోలు ఒకటి కావు. చివర్లలో బరువుంటే కారు తిరగడానికి మొరాయిస్తుంది, ఒకసారి తిరగడం మొదలైతే ఆగడానికీ మొరాయిస్తుంది. ఎక్సెల్ బండికి వెనక యూరియా బస్తా కట్టి పొలానికి పోయినవాళ్లకు ఇది వివరించాల్సిన పని లేదు, ఖాళీ బండి మీద అలవోకగా తీసిన మలుపే బస్తాతో భయం భయంగా తీయాల్సి వస్తుంది, ఇంజిన్ అదే, దారీ అదే.

తేలిక కార్ల ఆలోచన కొత్తదేం కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంగ్లండ్ నుంచి ఇళ్లకు వెళ్లిన అమెరికా సైనికులు ఎంజీ టీసీ అనే చిన్న రెండు సీట్ల కారు మీద మోజు పట్టుకుపోయారు. దాని ఇంజిన్ 1,250 సీసీ, పవర్ 54 హార్స్‌పవర్. అప్పటికే అమెరికాలో భారీ ఇంజిన్ల కార్లు ఉన్నాయి, అయినా ఈ చిన్న కారు నడుపుతుంటే వచ్చే కులాసా వాటిలో లేదని వాళ్లకు అర్థమైంది. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో లోటస్ అనే స్పోర్ట్స్ కార్ల కంపెనీ స్థాపించిన కోలిన్ చాప్‌మన్ దాన్ని ఒక సిద్ధాంతంలా పట్టుకున్నాడు. ఆయన చదివింది స్ట్రక్చరల్ ఇంజినీరింగ్, కాబట్టి ఒక ముక్క లోహం ఎంత భారం మోయాలో అంతకు మించి అది మందంగా ఉంటే ఒప్పుకునేవాడు కాదు. పవర్ పెంచితే తిన్నని దారిలోనే వేగం వస్తుంది, బరువు తగ్గిస్తే దారంతా వస్తుంది అనే మాట ఆయన పేరు మీదే చెలామణి అవుతోంది. 1962లో వచ్చిన లోటస్ ఎలాన్ బరువు 700 కిలోల లోపు. ఈ పిచ్చికి ఒక చెడ్డ వైపు కూడా ఉంది, అప్పటి లోటస్ రేస్ కార్లకు విడిభాగాలు విరుగుతాయనే పేరు వచ్చింది, అది ఊరికే వచ్చిన పేరు కాదు. 1996లో అమ్మకానికి వచ్చిన లోటస్ ఎలీజ్ నాటికి ఆ సంగతి సరిదిద్దుకున్నారు: అల్యూమినియం ముక్కలను వెల్డింగ్ చేయకుండా జిగురుతో అతికించిన ఛాసిస్, దాని బరువు 68 కిలోలు, అంటే ఒక మనిషి బరువు. కారు మొత్తం సుమారు 725 కిలోలు. ఇంజిన్ 1.8 లీటర్లు, 120 హార్స్‌పవర్ కూడా లేదు. పవర్ స్టీరింగ్ పెట్టలేదు, అవసరం పడలేదు. రోడ్డు మీది చిన్న గరుకు కూడా డ్రైవర్ వేళ్లకు తెలిసేది.

అయితే లోటస్ ఎప్పుడూ అందరికీ అందే కారు కాదు. చవక, తేలిక రెండూ కలిపి ప్రపంచానికి ఇచ్చింది జపాన్‌లోని మాజ్డా. ఇంగ్లండ్‌లో ఎంజీబీ, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ లాంటి చిన్న రోడ్‌స్టర్ల (పైకప్పు తెరుచుకునే రెండు సీట్ల కార్ల) తయారీ 1980లో ఆగిపోయింది. అంతకు ఒక ఏడాది ముందే బాబ్ హాల్ అనే అమెరికన్ జర్నలిస్టు మాజ్డా ఇంజినీర్ కెనిచి యమమోతోతో మాట్లాడుతూ అలాంటి కారు మీరే చేయొచ్చు కదా అన్నాడు. ఆ మాట పదేళ్లకు 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో ఎంఎక్స్-5 మియాటాగా బయటికొచ్చింది. 1.6 లీటర్ల ఇంజిన్, 116 హార్స్‌పవర్, ఒక టన్నుకు కాస్త లోపు బరువు, వెనక చక్రాలకు పవర్, అమెరికాలో 13,800 డాలర్ల ధర. ఈ అంకెల్లో గొప్పగా చెప్పుకునేది ఒక్కటీ లేదు. అయినా 2016 నాటికి పది లక్షల కార్లు తయారయ్యాయి, రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైనది ఇదే.

మాజ్డా వాళ్లు దీన్ని ఎంత పట్టుదలగా కాపాడుకున్నారో చూస్తే ముచ్చటేస్తుంది. 2005లో వచ్చిన మూడో తరం కారుకు గ్రాముల లెక్కన బరువు తగ్గించే పద్ధతి పెట్టుకున్నారు, లోపల వెనక్కి చూసుకునే అద్దంలో 84 గ్రాములు తీసేశారు. 2015 నాటి నాలుగో తరం కారు అంతకు ముందు దానికంటే దాదాపు 100 కిలోలు తగ్గింది, ఎయిర్‌బ్యాగులూ భద్రత నిబంధనలూ అన్నీ పెరిగిన కాలంలో. పవర్ పెంచడం కంటే ఇది చాలా కష్టమైన పని. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో ఎక్కించే పరికరం) పెట్టి 50 హార్స్‌పవర్ పెంచడం ఈ రోజుల్లో ఏ కంపెనీకైనా చేతనవుతుంది, 50 కిలోలు తగ్గించాలంటే కారులోని వేల విడిభాగాల దగ్గరికి ఒక్కొక్కటిగా పోయి నువ్వెందుకు ఇంత మందంగా ఉన్నావని అడగాలి. ఆ శ్రమ బ్రోషర్‌లో కనిపించదు, అందుకే చాలా కంపెనీలు ఆ జోలికి పోవు.

టయోటా 86 కథ ఇంకా ఆసక్తికరం. 2012లో సుబారుతో కలిసి టయోటా తెచ్చిన ఈ 200 హార్స్‌పవర్ కారుకు, ప్రియస్ అనే హైబ్రిడ్ కారుకు వాడే రకం టైర్లు వేసి అమ్మారు. స్పోర్ట్స్ కారుకు మైలేజ్ కారు టైర్లేంటని చాలామంది విసుక్కున్నారు. కానీ అది తెలిసి చేసిన పనే. టైరు పట్టు ఒక మోస్తరుగా ఉంటే కారు తన హద్దును తక్కువ వేగంలోనే చూపిస్తుంది, ఎక్కడ జారడం మొదలవుతుందో, ఎలా సర్దుకోవాలో డ్రైవర్ ప్రమాదకరమైన వేగానికి పోకుండానే నేర్చుకుంటాడు.

మన దగ్గరికి వస్తే ఈ ఒక్క విషయమే మిగతా వాటికంటే ఎక్కువ పనికొస్తుంది: ఒక కారులో మజా ఏ వేగం దగ్గర మొదలవుతుంది? 500 హార్స్‌పవర్ దాటిన కార్లు చాలావరకు రెండో గేరులోనే వంద దాటేస్తాయి. ఎన్‌హెచ్ 65 మీద చౌటుప్పల్ నుంచి సూర్యాపేట దాకా, ఎన్‌హెచ్ 44 మీద షాద్‌నగర్ నుంచి పెబ్బేరు దాకా, నాలుగు లేన్ల హైవేల మీద కారుకు చట్టం ఒప్పుకునేది గంటకు 100 కిలోమీటర్లే. అంటే అలాంటి కారులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కే అవకాశం మూడు నాలుగు సెకన్లు, ఆ తర్వాత అంతా ఓపిక పట్టడమే. మిగతా మూడు నాలుగు వందల హార్స్‌పవర్‌కు డబ్బు కట్టి, పెట్రోల్ పోసి, ఇన్సూరెన్స్ కట్టి, వాడకుండా మోసుకు తిరగడం అన్నమాట. వాడాలని చూసినవాళ్లు ఏమవుతారో పేపర్లో చదువుతూనే ఉన్నాం. మన హైవేలు రేస్ ట్రాక్‌లు కావు, నకిరేకల్ దగ్గరో కొత్తకోట దగ్గరో రాంగ్ సైడ్‌లో ట్రాక్టర్ ఎదురొస్తుంది, పిల్లలు డివైడర్ దాటుతుంటారు.

అదే చిన్న ఇంజిన్ ఉన్న తేలిక కారులో రెండో గేరులో ఎర్రగీత (ఇంజిన్ తిరిగే వేగానికి మీటర్ మీద ఉండే హద్దు) దాకా తొక్కినా వేగం 80 దగ్గరే ఉంటుంది. గేరు మార్చాలి, సరైన చోట మార్చాలి, మలుపుకు ముందు వేగం ఎంత ఉంచుకోవాలో ఆలోచించాలి, ఎందుకంటే ఒకసారి పోగొట్టుకున్న వేగాన్ని తిరిగి తెచ్చుకోవడానికి కావాల్సినంత పవర్ లేదు. డ్రైవర్‌కు పని ఉంటుంది. ఆ పనే మజా. దేవరకొండ వైపు నుంచి నాగార్జునసాగర్ పోయే రోడ్డు, మన్యంకొండ గుట్ట ఎక్కే దారి, అచ్చంపేట దాటాక మన్ననూర్ మీదుగా నల్లమల పైకి ఎక్కే మలుపులు, వీటిలో 40, 50 వేగంలోనే తేలిక కారు డ్రైవర్‌తో మాట్లాడడం మొదలుపెడుతుంది, బరువైన పవర్‌ఫుల్ కారు ఆ వేగంలో ఇంకా నిద్రలోనే ఉంటుంది. మన్ననూర్ దాటితే అమ్రాబాద్ పులుల అడవి కాబట్టి అక్కడ వేగంగా పోకూడదు, రాత్రిపూట గేటు కూడా మూసేస్తారు. అలాంటి చోట తక్కువ వేగంలో ఆనందం ఇచ్చే కారు ఉండడం డ్రైవర్‌కే కాదు, రోడ్డు దాటే దుప్పికి కూడా మేలు.

మన దేశంలో కార్ రేసింగ్ బతికిందే ఈ చిన్న ఇంజిన్ల మీద. కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ మారుతి 800 ఇంజిన్‌తో, ఆ 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్‌తోనే, ఫార్ములా మారుతి అనే తేలికపాటి ఒక సీటు రేస్ కార్లు తయారు చేశాడు. 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లో దిగిన మొదటి భారతీయుడు నరేన్ కార్తికేయన్ రేసింగ్ మొదలుపెట్టింది ఫార్ములా మారుతి తోనే. మన ఊరి సందుల్లో కిరాణా సామాను మోసిన ఇంజిన్ అది. పవర్ తక్కువున్న కారు డ్రైవర్‌కు పని నేర్పుతుంది, తప్పు చేస్తే పవర్‌తో కప్పిపుచ్చుకునే వీలుండదు. రేసింగ్ స్కూళ్లు ఇప్పటికీ చిన్న కార్లతో మొదలుపెట్టడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు.

మరి ఇంత బాగుంటే మన మార్కెట్‌లో ఇలాంటి కార్లు ఎందుకు లేవు? మాజ్డా భారత్‌లో లేదు. టయోటా ఇక్కడ ఉన్నా 86 తేలేదు. సుజుకీ సంగతి అయితే బాధనిపిస్తుంది: జపాన్‌లో 1991లో కాపుచినో అనే 657 సీసీ, 700 కిలోల బుల్లి స్పోర్ట్స్ కారు చేసిన కంపెనీ అది, స్విఫ్ట్ స్పోర్ట్ పేరుతో 970 కిలోలు, 140 హార్స్‌పవర్ కారును బయటి దేశాల్లో అమ్మిన కంపెనీ, ఇక్కడ ఇన్ని లక్షల స్విఫ్ట్‌లు అమ్మి కూడా ఆ కారు మనకు ఇవ్వలేదు. 2017లో టాటా వాళ్లు జెనీవా షోలో రేస్‌మో అనే రెండు సీట్ల కారు చూపించారు, 1.2 లీటర్ల టర్బో, 190 హార్స్‌పవర్, నాలుగు మీటర్ల లోపు పొడవు. దేశమంతా సంబరపడింది. అది ఫ్యాక్టరీ గడప దాటలేదు.

కారణాలు అర్థం కానివేం కాదు. ఇంటికి ఒకే కారు ఉన్న చోట రెండు సీట్ల కారు ఎవరు కొంటారు? అమ్మానాన్నల్ని హైదరాబాద్ ఆసుపత్రికి తీసుకుపోవాలి, పెళ్లికి పోవాలి, పండక్కి ఊరికి పోవాలి. ఇప్పుడు దేశంలో అమ్ముడయ్యే ప్యాసింజర్ బండ్లలో సగానికి పైగా ఎస్‌యూవీలు, లేదా వాటి ఆకారంలో ఉన్న కార్లు. వాటి ఎత్తు చూసి జనం ధైర్యపడతారు, మన స్పీడ్ బ్రేకర్లు చూస్తే ఆ ధైర్యం అనవసరమనీ అనలేం. పన్ను సంగతి కూడా ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్ ఉన్న కార్లకు జీఎస్టీ 18 శాతం, అది దాటితే 40 శాతం. ఎంఎక్స్-5 పొడవు 3,915 మిల్లీమీటర్లే, పొడవులో పాసవుతుంది, 1.5 లీటర్ల ఇంజిన్ దగ్గర ఫెయిలవుతుంది. నిజానికి ఈ నిబంధన తేలిక కార్లకు అనుకూలమే: ఒక లీటర్, 1.2 లీటర్ల టర్బో ఇంజిన్ పెట్టి చిన్న కారు చేస్తే తక్కువ పన్నులోనే మంచి స్పోర్ట్స్ కారు వస్తుంది. ఆ దారిలో కొన్ని వచ్చాయి కూడా. 2017 మారుతి బలెనో ఆర్ఎస్, ఒక లీటర్ టర్బో, 102 హార్స్‌పవర్, 950 కిలోలు. 2021 హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, 2024 టాటా ఆల్ట్రోజ్ రేసర్, రెండూ 120 హార్స్‌పవర్. బలెనో ఆర్ఎస్ అమ్ముడుపోక మూడేళ్లకే మాయమైంది. అదే బలెనో మామూలు ఇంజిన్‌తో వేలకు వేలు పోతుంటే ఈ కారును జనం పట్టించుకోకపోవడం మన కొనుగోలుదారుల తప్పు అనే అనిపిస్తుంది, కంపెనీని ఒక్కదాన్నే అని లాభం లేదు.

తేలిక కారు అంటే రేకు డబ్బా, యాక్సిడెంట్ అయితే నుజ్జునుజ్జే అనే భయం మన దగ్గర బాగా ఉంది. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. లారీతో కారు గుద్దుకున్నప్పుడు బరువు తక్కువున్న కారుకే ఎక్కువ దెబ్బ తగులుతుంది, అది ప్రకృతి నియమం, ఏ ఇంజినీర్ దాన్ని మార్చలేడు. 650 కిలోల పాత మారుతి 800కి ఎయిర్‌బ్యాగులు లేవు, ఆ రోజులకు తిరిగి పోవాలని ఎవరూ కోరుకోవడం లేదు. 2022లో కార్లను గుద్దించి భద్రతకు స్టార్లు ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షలో స్విఫ్ట్‌కు ఒక్క స్టారే వచ్చింది. కానీ రెండేళ్లు తిరక్కుండా, 2024 నవంబర్‌లో, కొత్త డిజైర్‌కు అదే సంస్థ పెద్దల భద్రత విభాగంలో ఐదు స్టార్లు ఇచ్చింది, ఆ పెట్రోల్ కారు బరువు 1,000 కిలోల లోపే. ఎక్కడ గట్టి ఉక్కు పెట్టాలో తెలిసి పెడితే, ఎయిర్‌బ్యాగులు పూర్తిగా ఇస్తే, టన్ను లోపు కారు కూడా మనిషిని కాపాడగలదు. ఇంకో సంగతి, బరువైన బండి లోపల ఉన్నవాళ్లను కాపాడినా ఎదుటి బండిలో ఉన్నవాళ్లకు, బైక్ మీద ఉన్నవాళ్లకు అదే ప్రమాదం. అందరూ బరువైన బండ్లు కొంటూ పోతే రోడ్డు మీద ఎవరి భద్రతా పెరగదు.

ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక హార్స్‌పవర్‌కు విలువ ఇంకా పడిపోయింది. మోటార్‌తో పవర్ తెప్పించడం చాలా సులువు, కష్టమంతా బ్యాటరీ బరువుతోనే. దీనికి ఎంజీ బ్యాడ్జికి మించిన ఉదాహరణ లేదు. 1961లో ఆ పేరుతో వచ్చిన మిడ్‌జెట్ అనే రెండు సీట్ల కారు సుమారు 700 కిలోలు. 2025లో అదే పేరుతో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఎలక్ట్రిక్ కారు సైబర్‌స్టర్ కూడా రెండు సీట్లదే, 510 హార్స్‌పవర్, దాదాపు రెండు టన్నులు, ధర 70 లక్షల పైన. సున్నా నుంచి వందకు మూడు సెకన్ల చిల్లర. తిన్నని రోడ్డు మీద దాని ముందు మిడ్‌జెట్ నిలబడే ప్రశ్నే లేదు, కానీ మిడ్‌జెట్ ఒక కాలేజీ కుర్రాడు కొనుక్కోగలిగిన కారు, ఇది కాదు. బీఎండబ్ల్యూ ఎం5 కూడా ఇదే దారిలో పోయింది, హైబ్రిడ్‌గా మారిన 2024 మోడల్ 727 హార్స్‌పవర్, బరువు 2,400 కిలోలు దాటింది. ఇప్పుడు పవర్ ఏ కారులోనైనా దొరుకుతుంది, తక్కువ బరువే అరుదైపోయింది.

కాబట్టి మన ప్రాంతంలో పరిమిత బడ్జెట్‌తో నడిపే సరదా కోరుకునేవాళ్లకు దగ్గరి దారి మంచి హ్యాచ్‌బ్యాక్. 2018 తర్వాతి స్విఫ్ట్ పెట్రోల్ మాన్యువల్ అంతకు ముందు తరం కంటే 100 కిలోల దాకా తేలిక, సెకండ్‌హ్యాండ్‌లో బోలెడన్ని దొరుకుతాయి, ఏ మండల కేంద్రంలోనైనా మెకానిక్ విప్పగలడు, విడిభాగాలు దొరకవేమోనన్న టెన్షన్ లేదు. బలెనో ఆర్ఎస్ ఎక్కడైనా మంచి కండిషన్‌లో కనిపిస్తే వదలొద్దు, టర్బో సర్వీస్ రికార్డులు మాత్రం చూసుకోవాలి. ఆల్ట్రోజ్ రేసర్ కొత్తగా వచ్చినప్పుడు ధర తొమ్మిదిన్నర లక్షల దగ్గర మొదలైంది. అది పెద్ద ఎస్‌యూవీ ధరలో మూడో వంతు కూడా కాదు, పైగా మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్ శాతం కారు ధరతో పాటు పెరుగుతుంది కాబట్టి రిజిస్ట్రేషన్ దగ్గరా తేడా కనిపిస్తుంది. తర్వాత టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్, పెట్రోల్, అన్నిటికీ ఆ తేడా ఏళ్ల తరబడి కొనసాగుతుంది.

కొన్నాక చేసే మాడిఫికేషన్ల దగ్గరే చాలామంది ఆ తేలికదనాన్ని చేజేతులా పోగొట్టుకుంటున్నారు. డిక్కీ నిండా వూఫర్ బాక్స్, ముందు ఇనప గార్డు, 15 అంగుళాల చక్రాలు తీసేసి 17 అంగుళాల బరువైన అలాయ్‌లు. ఇనప గార్డులను కేంద్రం 2017లోనే నిషేధించింది, అవి ఎయిర్‌బ్యాగుల పనిని కూడా చెడగొడతాయి. వూఫర్, గార్డు రెండూ కారు రెండు చివర్లా బరువు పెడతాయి, అంటే పైన చెప్పిన బస్తా సమస్యే. చక్రాల బరువు ఇంకా ఘోరం, అది స్ప్రింగుల కింద ఉండే బరువు, పైగా తిరిగే బరువు: గుంతలో పడ్డ చక్రం త్వరగా తేరుకోదు, పికప్ మందగిస్తుంది, బ్రేక్ దూరం పెరుగుతుంది, మైలేజ్ కూడా తగ్గుతుంది. అంత డబ్బు పెట్టే ఓపిక ఉంటే కంపెనీ సైజు చక్రాలే ఉంచి వాటికి మంచి పట్టున్న టైర్లు, మంచి బ్రేక్ ప్యాడ్లు, కొత్త బ్రేక్ ఆయిల్ వేయించుకోవాలి, డిక్కీలో ఏళ్లుగా పడి ఉన్న సామాను దించేయాలి. స్టెపినీ, జాకీ మాత్రం ఉంచుకోవాలి, మన్ననూర్ దాటాక పంక్చర్ షాపులు కనిపించవు.